కిటికీ పట్టుకునే మనిషి

మా ఆయన రాయపూర్ పక్కన ఉర్లాలో వెల్డరుగా పనిచేసిన కార్ఖానాలో ఇనప కిటికీలు తయారయ్యేవి. సర్కారు క్వార్టర్లకీ, బడులకీ, ఆస్పత్రులకీ పెట్టే కిటికీలు. ఎనభైల్లో కట్టిన ఏ క్వార్టర్ల పక్కనుంచి నడిచి వెళ్తున్నా నా చూపు ముందు కిటికీల మీదికే పోతుంది. వాటిలో కొన్ని ఆయన చేతి మీదుగా వచ్చినవే అయ్యుంటాయి. ఏవో చెప్పలేను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చాడు. నేను ఇక్కడే రైల్వే క్వార్టర్లో పుట్టాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. మా ఆయన వాళ్లదీ అటునుంచి వచ్చిన కుటుంబమే. పెళ్లినాటికి ఆయనకీ రైల్వేలో ఉద్యోగం వస్తుందని అందరూ అనుకున్నారు. రాలేదు. ఉర్లాలో అప్పుడప్పుడే షెడ్లు లేస్తున్నాయి. వెల్డింగ్ తెలిసినవాడికి ఎక్కడో ఒకచోట పని దొరికేది. ఆయన అలా ఆ కార్ఖానాలో చేరారు. కార్డు లేదు, కాగితం లేదు. ఎన్ని కిటికీలు చేస్తే అంత కూలి. నేను శంకర్ నగర్లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేసేదాన్ని.

కిటికీ చట్రం అంటే నాలుగు ఇనప కమ్మీలు. నాలుగు మూలలూ సరిగ్గా కలవాలి. రవ్వంత ఓరగా అతుక్కున్నా తలుపు రెక్క మూసుకోదు, సరుకు తిరిగొస్తుంది. అందుకని ప్రతి వెల్డరుకీ ఒక మనిషి తోడుండేవాడు. అతను కమ్మీలను నేలమీద పేర్చి, మూలమట్టం పెట్టి చూసి, వెల్డరు టాకా, అంటే చుక్క అతుకు, వేసేదాకా కదలకుండా పట్టుకుని కూర్చోవాలి. అతని పని అంతే, పట్టుకోవడం. కార్ఖానాలో ఎవరూ దాన్ని గొప్ప పనిగా చూసేవారు కాదు. కానీ చెయ్యి వణికే మనిషి తోడుంటే ఎంత మంచి వెల్డరైనా మంచి కిటికీ చెయ్యలేడు.

మా ఆయనకి తోడున్న మనిషి రాయపూర్‌కి కాస్త దూరంలోని ఒక పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఛత్తీస్‌గఢీలో స్నేహితుణ్ణి ‘సంగ్‌వారీ’ అంటారు. మా ఆయన అతన్ని అలాగే పిలిచేవారు. మా ఇంట్లో కూడా అతని పేరు అదే అయిపోయింది. అతను మా ఆయన్ని ‘మిస్త్రీ’ అనేవాడు, నన్ను ‘భాభీ’ అనేవాడు. మధ్యాహ్నం అతను తెచ్చుకునేది బాసీ, అంటే రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, మిరపకాయ. అది చూసి మా ఆయన, “మా అమ్మ తిన్నదీ ఇదే కదా” అని తన చపాతీలు అతనికిచ్చి ఆ గిన్నె తీసుకునేవారట.

వాళ్లిద్దరూ పొద్దంతా మాట్లాడుకుంటూనే పనిచేసేవారు. సాయంత్రం ఆ కబుర్లన్నీ మా ఇంటికి వచ్చేవి. సంగ్‌వారీ బర్రె కాలవ దాటనని మొరాయించిన సంగతి, అతని అత్తగారు అలిగి ఊరి చివర చెట్టుకింద కూర్చున్న సంగతి, అన్నీ అన్నం తింటూ చెప్పేవారు. నేను ఆ పల్లె చూడలేదు గానీ ఆ వీధిలో ఎవరెవరున్నారో నాకు తెలుసు.

బాధంతా కళ్లతోనే. వెల్డరు ముఖానికి అద్దం ఉంటుంది. పట్టుకునేవాడికి ఉండదు. టాకా పడేటప్పుడు అతను కళ్లు మూసుకుని ముఖం పక్కకి తిప్పుకోవాలి. ఎన్నిసార్లని తిప్పుకుంటాడు? వెలుగు రెప్పల్లోంచి కూడా లోపలికి పోతుంది. సాయంత్రానికి కళ్లలో ఇసక పోసినట్టుండేది. బంగాళాదుంప ముక్కలు కోసి కళ్లమీద పెట్టుకోవడం ఉర్లాలో అందరికీ తెలిసిన వైద్యం. చేతులమీద నిప్పురవ్వల మచ్చలు సరేసరి.

ఒక ఆదివారం సంగ్‌వారీ మా ఇంటికి వచ్చాడు. నేను టీ గ్లాసు అందిస్తే, అతని చెయ్యి గ్లాసు పక్కనుంచి గాలిలోకి వెళ్లింది. నవ్వేసి మళ్లీ వెతుక్కుని పట్టుకున్నాడు. అతని రెండు కళ్లూ ఎర్రగా ఉబ్బి నీళ్లు కారుతున్నాయి. మర్నాడు నేను పనిచేసే చోట డాక్టరుగారిని అడిగి చుక్కల మందు తెచ్చాను. ఆయన మందిస్తూ, ఇలాగే ఆ వెలుగు చూస్తూ ఉంటే కొన్నాళ్లకి చూపు మిగలదు అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను.

మా ఆయన, “ఆడు పట్టుకోకుండా కమ్మీ కదలకుండా ఉండాలంటే ఏటి చెయ్యాలో చూడాలి” అన్నారు.

“కార్ఖానా వాళ్లు అద్దం ఇవ్వరా?”

“అడిగేను. హెల్పరుకి అద్దమేటంటాడు ముంషీ.” ముంషీ అంటే కార్ఖానాలో లెక్కలు చూసే గుమాస్తా.

అప్పట్నుంచి మధ్యాహ్నం అన్నం తినే వేళలో ఆయన షెడ్డు వెనక పాత ఇనుములో వెతకడం మొదలుపెట్టారు. పనికిరాని దళసరి రేకు ఒకటి దొరికింది. దానికి కాళ్లు పెట్టి బల్లలా చేశారు. బల్లమీద నాలుగు మూలలా కమ్మీలు ఆనడానికి దిమ్మలు అతికారు. పాత మరల్లోంచి తీసిన స్క్రూలతో బిగింపులు పెట్టారు. కమ్మీలు అందులో పేర్చి నాలుగు స్క్రూలూ తిప్పితే చట్రం మూలమట్టానికి సరిగ్గా నిలబడేది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. వాళ్లు దాన్ని ‘సాంచా’ అనేవారు, అచ్చు అని అర్థం.

ఆ సాంచా మొదటిసారి పనిచేసిన రోజు ఆయన ఇంటికి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెప్పులు విప్పకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

“ఈవేళ ఆడిని దూరంగా కూకోమన్నాను. కమ్మీలు పెట్టీ, స్క్రూ తిప్పీ, వెనక్కి పో అన్నాను. పొద్దుణ్నించీ ఆడు ఆ వెలుగు చూణ్ణేదు.”

తరవాతి నెలలు వాళ్ల పనిలో అన్నిటికన్నా మంచి రోజులు. సంగ్‌వారీ కమ్మీలు పేర్చేవాడు, ఈయన అతికేవారు. కిటికీలు ఎక్కువ అయ్యేవి, ఒళ్లు తక్కువ అలిసేది. అతని కళ్లు తేటపడ్డాయి. మా ఇంటికి వచ్చినప్పుడు గోడమీది క్యాలెండరు దూరంనుంచి చదివి చూపించి, నా చుక్కల మందు వల్లే అన్నాడు. మందు వల్ల కాదని ముగ్గురికీ తెలుసు.

కార్ఖానా యజమాని సేఠ్‌కి ఈ సంగతి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అతను పై ఆఫీసు గదిలోంచి దిగొచ్చి సాంచా చుట్టూ తిరిగి చూసి, స్క్రూలు తనే తిప్పి చూశాడు. ఆ సంవత్సరం విశ్వకర్మ పూజనాడు అందరి ముందూ మా ఆయన మెడలో దండ వేసి, “దిమాగ్ ఉన్న మనిషి” అన్నాడు. ఒక ప్రెషర్ కుక్కరు బహుమానంగా ఇచ్చాడు. మా ఇళ్ల వరసలో అదే మొదటి కుక్కరు. పక్కింటివాళ్లు దాని కూత వినడానికి వచ్చారు. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. మిగతా వెల్డర్లకి కూడా అలాంటి బల్లలే చేసిపెట్టమని సేఠ్ అడిగాడు. ఆయన సంతోషంగా చేసిపెట్టారు. వాటిని చెయ్యడంలో సంగ్‌వారీ కూడా సాయంపట్టాడు. మిగతా హెల్పర్ల కళ్లు కూడా బాగుపడతాయని ఇద్దరూ అనుకున్నారు.

వరికోతలకి సంగ్‌వారీ ఊరికి వెళ్లాడు. ప్రతి ఏడూ వెళ్లేవాడే. అంతకుముందు అతను లేని రోజుల్లో మా ఆయన పని సగానికి పడిపోయేది. ఎవరో కొత్తవాణ్ణి తోడిస్తే చట్రాలు వంకరపోయేవి. ఈసారి అలా జరగలేదు. కమ్మీలు తనే పేర్చుకుని తనే అతుక్కున్నారు. సాయంత్రానికి కిటికీల దొంతర దాదాపు ఎప్పటంతే ఉంది. ముంషీ దొంతర చూశాడు, ఖాళీగా ఉన్న సంగ్‌వారీ చోటూ చూశాడు.

కోతలు అయ్యాక ఒక పొద్దున నేను డ్యూటీకి బయల్దేరబోతుంటే సంగ్‌వారీ సైకిలు మా గుమ్మం ముందు ఆగింది. క్యారియరు మీద చిన్న గోనెసంచి ఉంది. వాళ్ల పొలంలో పండిన దూబ్‌రాజ్ బియ్యం, కొత్తవి. సంచి దించి గోడకి ఆనించాడు. ఆ వాసన గదంతా వచ్చింది.

“ఈవేళ పనికి వెళ్లలేదా భయ్యా?” అని అడిగాను హిందీలో.

“వెళ్లాను భాభీ. గేటు దగ్గరే ముంషీ చెప్పాడు, ఇంక రానక్కర్లేదని. పట్టుకునేవాళ్లు ఎవరూ అక్కర్లేదట.”

“మీ మిస్త్రీకి తెలుసా?”

“లోపలున్నాడు కదా. పిలిపించమని నేను అడగలేదు. పని మధ్యలో ఎందుకు?” అన్నాడు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, “కొత్త బియ్యం, నీళ్లు తక్కువ పొయ్యి” అని చెప్పి వెళ్లాడు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఆయనకి తెలిసిపోయింది. ఒక్క సంగ్‌వారీనే కాదు, షెడ్డులో పట్టుకునేవాళ్లందరినీ మానిపించేశారు. ఆయన సంచి వంక చూసి, “ఆడొచ్చేడా?” అన్నారు. వచ్చాడని చెప్పాను. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు సేఠ్ దగ్గరికి వెళ్లారు. సేఠ్ కసురుకోలేదట. కుర్చీ వేయించి టీ తెప్పించాడట. ఆ మాటలు ఆయన నాకు చెప్పినవి చెప్పినట్టే రాస్తున్నాను.

“ఆడికి గ్రైండింగ్ నేర్పిస్తానండి. రంగు పని ఇవ్వండి. ఇన్నాళ్లు చేసేడు” అన్నారు ఈయన.

“గ్రైండింగ్‌కి మనుషులున్నారు. నువ్వే ఆలోచించు మిస్త్రీ. నీ సాంచా చూసి పక్క షెడ్డువాడు కూడా చేసుకున్నాడు. వాడు తక్కువకి కిటికీ ఇస్తుంటే టెండరు నాకెలా వస్తుంది? టెండరు రాకపోతే నీకు పనెక్కడ?”

“మరి ఆడి కళ్లకోసం చేసేనండి ఆ బల్ల.”

“మంచి పనే చేశావు కదా” అన్నాడట సేఠ్.

ఈయన లేచి వచ్చేశారు. సేఠ్ వెటకారంగా అనలేదని ఆయన నాతో చాలాసార్లు అన్నారు. నిజంగానే అలా అనుకున్నాడు అని.

కొన్నాళ్లకి కిటికీ రేటు కూడా తగ్గించారు. ఇదివరకటికన్నా తొందరగా అవుతోంది కదా అన్నారు. దాంతో ఇదివరకటంత కూలి రావాలంటే ఆయన మునుపటికన్నా చాలా ఎక్కువ కిటికీలు చెయ్యాల్సొచ్చింది. అన్నీ ఒంటిచేత్తో. కమ్మీలు మొయ్యడం, పేర్చడం, బిగించడం, అతకడం, తియ్యడం. తోటి వెల్డర్లు మొహాన అనలేదు గానీ టీ దగ్గర ఆయనకి చోటివ్వడం మానేశారు. తమ రేటు తగ్గడానికీ కారణం ఆ బల్లే కదా. ఇంటికి వచ్చాక చెప్పడానికి కబుర్లు లేవు. “ఏటైంది ఈవేళ?” అని నేను అడిగితే, “ఏటవుతాది, కిటికీలు” అనేవారు.

ఈ సంగతి విని మా నాన్న ఒక మాట అన్నాడు. అప్పటికి రైల్వేలో రిటైరై ఇంట్లో ఉన్నాడు. “మా రైల్వే వర్క్‌షాపులో ఒకడి పని ముగ్గురం చేసీవోళ్లం. అందరూ మమ్మల్ని సోమరోళ్లనీవోరు. నిజమే అనుకో. కానీ సాయంత్రానికి ముగ్గురం మనుషుల్లాగ ఇంటికెళ్లీవోళ్లం.” పని నెమ్మదిగా సాగడం మా ఆయనకి ఇష్టం ఉండేది కాదు. తొందరగా, సరిగ్గా అయ్యే పని అంటే ఆయనకి ప్రాణం. ఆయన బాధంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

సంగ్‌వారీ కోసం ఆయన ఒక ఆదివారం పొద్దున్నే చావడికి వెళ్లారు. కూలీలు పనికోసం వచ్చి నిలబడే చోటుని మా ఊళ్లో చావడి అంటారు. మేస్త్రీలు వచ్చి కావలసినవాళ్లని పిలుచుకుపోతారు. నేనూ వెళ్లాను, దారిలో బజారు పని ఉండి. సంగ్‌వారీ మట్టి మోసే గమేలా పక్కన పెట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. సంగ్‌వారీయే ముందు మాట్లాడాడు.

“నా కళ్లు పూర్తిగా బాగయ్యాయి మిస్త్రీ” అన్నాడు.

అందులో దెప్పుడు లేదు. ఆయన్ని తేలికపరచడానికే అన్నాడు. మా ఆయన మాత్రం బజారులో నా సంచి పట్టుకుని నడుస్తూ, నేను కొంటున్నవేవీ చూడలేదు.

చావడిలో రోజూ పని దొరికేది కాదు. ఆ మరుసటి ఏడు కోతలు అయ్యాక సంగ్‌వారీ పెళ్లాంతో మా ఇంటికి వచ్చాడు. వాళ్ల పల్లెలోంచి కొన్ని కుటుంబాలు ఇటుక బట్టీలకి పోతున్నాయి. కూలీల్ని కుదిర్చే సర్దారు ఒకడు వచ్చి ముందే కొంత డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోతాడు. వీళ్లూ పిల్లల్ని తీసుకుని పోతున్నారు.

“ఎక్కడికి?” అని అడిగాను.

“మీ దేశానికే భాభీ. ఆంధ్రాకి” అన్నాడు. తరవాత కొంచెం సిగ్గుపడుతూ, “నాలుగు మాటలు నేర్పవా? అక్కడ హిందీ ఎవరికీ రాదట” అన్నాడు.

మా నాన్న పనికోసం అక్కణ్నించి ఇక్కడికి వచ్చాడు. ఇతను పనికోసం ఇక్కణ్నించి అక్కడికి పోతున్నాడు. నేను నేలమీద కూర్చుని ఆ మొగుడూ పెళ్లాలకి తెలుగు నేర్పాను. నీళ్లు. అన్నం. కూలి. పిల్ల. జ్వరం. అతని పెళ్లాం ఒక్కో మాటా పెదాలు కదుపుతూ నాతోపాటు అనేది. ఆమెకి ‘జ్వరం’ నోరు తిరగలేదు. ‘జరం’ అను చాలు, వాళ్లకి అర్థమవుతుంది అన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నారు. చివరికి ఆయనే, “‘ఇంటికి ఎల్లిపోతాం’ అని కూడా నేర్పే” అన్నారు. నేర్పాను. సంగ్‌వారీ ఆ మాట చాలాసార్లు అనుకున్నాడు.

వానలకి ముందు వాళ్లు తిరిగి వచ్చారు. అతను నల్లబడ్డాడు, చిక్కాడు. నన్ను చూడగానే “బాగున్నావా వదినా” అన్నాడు తెలుగులో. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అక్కడ పని ఎలా ఉంటుందని మా ఆయన అడిగారు.

“మన కిటికీ లెక్కే మిస్త్రీ. ఎన్ని ఇటుకలు చేస్తే అంత. పిల్లలు కూడా మట్టి తిప్పుతారు. లేకపోతే అవ్వదు.” నా వైపు తిరిగి, “ఒక మాట నువ్వు నేర్పలేదు భాభీ. అక్కడ రోజంతా అదే వినబడుతుంది. ‘ఇంకా’ అంటారు. ‘ఇంకా, ఇంకా’” అన్నాడు.

మరి రెండు మూడేళ్లు అలా వెళ్లొచ్చారు. వచ్చిన ప్రతిసారీ మా ఇంటికి వచ్చేవారు. ఆ తరవాత రావడం మానేశారు.

మా ఆయన ఆ షెడ్డులోనే ఉండిపోయారు. ఒకరోజు అన్నం దగ్గర, అతుకు అరగదీసే గ్రైండింగ్ పని ఇంకా తేలిగ్గా అయ్యే ఉపాయం ఒకటి తనకి తట్టిందన్నారు. వేలితో కంచంలో గీసి చూపించారు. చాలా రోజుల తరవాత ఆయన ముఖంలో ఆ వెలుగు చూశాను.

“చెయ్యండి మరి” అన్నాను.

“గ్రైండింగ్ దగ్గర ఎంతమందున్నారో తెలుసా నీకు?” అన్నారు. చేతులు కడుక్కుని లేచిపోయారు. ఆ ఉపాయం ఎవరికీ చెప్పలేదు. తరవాత ఇంకెన్ని తట్టాయో నాకూ చెప్పలేదు.

తొంభైల చివరికి ఇనప కిటికీలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. అల్యూమినియం వచ్చింది. సేఠ్ షెడ్డు ఇంకెవరికో అమ్మేశాడు. పని పోయిన రోజు మా ఆయనకి చూపించడానికి ఒక్క కాగితం కూడా లేదు. తరవాత ఒక గోదాములో కాపలాకి కుదిరారు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై రాయపూర్ రాజధాని అయిన ఏడు ఊరంతా దీపాలు పెట్టారు. కొత్త ఆఫీసులన్నిటికీ జారే అద్దాల కిటికీలు.

ఆ రోజుల్లోనే ఒకసారి, సంగ్‌వారీ ఊరికి వెళ్లొద్దాం అన్నారు. బస్సులో వెళ్లాం. దిగి అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. తలుపుకి తాళం, గుమ్మం ముందు గడ్డి మొలిచింది. పక్కింటి ముసలావిడ మాకు పీట వేసి నీళ్లిచ్చింది. రెండేళ్ల కిందట కోతలు కాగానే అందరూ బట్టీకి వెళ్లారని, ఇప్పుడు కొడుకులూ కోడళ్లూ కూడా వెళ్తున్నారని చెప్పింది. సంగ్‌వారీకి ఒళ్లు బాగుండటం లేదని, అయినా అక్కడ ఆ భాష వచ్చినవాడు అతనొక్కడే కాబట్టి అతను లేకుండా మిగతావాళ్లు వెళ్లలేరని అంది. ఎప్పుడొస్తారని మా ఆయన అడిగారు. వానలకి ముందు రావాలి, కిందటేడు రాలేదు అంది. మేము వచ్చామని చెప్పమని చెప్పి లేచాం.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. సగం దూరం వచ్చాక మాట్లాడారు.

“ఇద్దరు మనుషులు నిలబడీలాగ కూడా చెయ్యొచ్చు ఆ బల్ల. రెండు వేపులా రెండు చట్రాలు. ఒకడు పేర్చుతుంటే ఒకడు అతుకుతాడు. మజ్జిలో రేకు అడ్డం పెడితే కళ్లకీ వెలుగు తగల్దు. పనీ తొందరగానే అవుతాది. అప్పుడు నాకు తట్టలేదు.”

అలాంటి బల్లయినా సేఠ్ రెండో మనిషిని ఉంచేవాడా అని నాకనిపించింది. అడగలేదు. ఆయన తన మోకాలి మీద వేలితో ఆ బల్ల గీస్తూనే ఉన్నారు, ఎవరు ఏ వైపు నిలబడాలో నాకు చెబుతూ.